కత్తెర పడని ముడి

నేను ఒక డోలును. పనసచెక్క ఒళ్ళు, రెండు పక్కలా తోలు మొహాలు, చుట్టూ బిగించిన వార్లు. ఒక మొహాన్ని వేళ్ళతో కొడతారు, రెండో దాన్ని పుల్లతో కొడతారు. అందుకని నన్ను చూసి జాలిపడకండి. దెబ్బలు తినడం నా వృత్తి. కొట్టకపోతేనే నాకు కష్టం. కొట్టని డోలుకీ, బియ్యం పోసుకునే డబ్బాకీ తేడా ఏముంది?

నేను కొన్నేళ్ళపాటు అలాగే నోరు మూసుకుని ఉన్నాను. పగిలి కాదు, తోలు చిరిగి కాదు. నా నడుముకు ఒక దారం కట్టారు. పసుపు రాసిన నూలుదారం, దానికొక పసుపు కొమ్ము. ఆ దారం కోసం ఒక మనిషి పరాయి దేశంలో గడువు మీరి ఉండి దొంగ అనిపించుకున్నాడు. మళ్ళీ ఆ దారం కోసమే అదే దేశం గుమ్మం ముందు నిలబడ్డాడు. ఆ సంగతే చెబుతాను. మధ్యలో మీకు తుమ్ము వస్తే ఆపుకోనక్కరలేదు. తుమ్ముల్ని మింగడానికే నన్ను చేశారు.

అనకాపల్లికి కాస్త దూరంలో, చెరకు తోటల మధ్య ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒకావిడ పెరట్లో పనసచెట్టు కాయడం మానేసింది. కాయని చెట్టు పెరట్లో ఉండకూడదని ఆవిడ కొట్టించేస్తుంటే పెదసన్నాసి అడ్డుపడ్డాడు. "తల్లీ, పండివ్వడం మానేసిందని సంపేత్తావేటి? నాకియ్యి. పలకడం నేర్పుతాను" అని మొదలు దుంగ మోసుకుపోయాడు. వడ్రంగి చేత లోపలంతా తొలిపించి, తోళ్ళు తెచ్చి బిగించి, వేణుగోపాలస్వామి గుళ్ళో నాకు బొట్టు పెట్టించాడు.

పెదసన్నాసి మామూలు రోజుల్లో క్షవరాలు చేసేవాడు, మంచి రోజుల్లో మేళం కట్టేవాడు. పెళ్ళివారు నాకు గంధం పూసి, పువ్వులు చుట్టి, చాప మీద కూర్చోబెట్టేవారు. అతన్ని మాత్రం "ఒరే డోలూ, ఇటు రారా!" అని పిలిచేవారు. మనిషికి నా పేరు పెట్టారు, నాకు మనిషి మర్యాద చేశారు. ఇందులో ఎవరిని ఎవరనుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు.

తాళి కట్టే వేళకు మాత్రం అందరికీ మేమే కావాలి. పురోహితుడు చెయ్యెత్తి "గట్టిమేళం! గట్టిమేళం!" అని అరుస్తాడు. ఆ క్షణంలో ఎవరైనా తుమ్మినా, చెడ్డమాట అన్నా వధూవరుల చెవిన పడకుండా నేను కప్పెయ్యాలి. నాకు తెలిసి మనుషులు నా చప్పుడు విని సంతోషించిన దానికన్నా, నా చప్పుడు వల్ల వినకుండా పోయినవాటికి సంతోషించిందే ఎక్కువ.

పెదసన్నాసి తర్వాత నేను అతని మనవడు నూకరాజు చేతికి వచ్చాను. నూకరాజు తాతలాంటివాడే గానీ క్షవరాలకు ఇళ్ళచుట్టూ తిరగలేదు. బస్సులు ఆగే చోట సెలూన్ పెట్టాడు. రెండు కుర్చీలు, ఎదురుగా నిలువెత్తు అద్దం, అద్దం మీద నూకాలమ్మ తల్లి పటం, పక్కన కొక్కేనికి నేను. పొద్దున్నే షాపు తెరవగానే అమ్మవారికి అగరొత్తి చూపించి, ఆ చేత్తోనే నాకు చూపించి, ఆ తర్వాతే కత్తెర పట్టుకునేవాడు. మాట తక్కువ, పట్టు ఎక్కువ. అతని భార్య కొండమ్మ మాటల్లో చెప్పాలంటే, "గెడ్డం సగం గీసినప్పుడు భూకంపం వచ్చినా, రెండో సగం గీసేకే బయటికి పరిగెడతాడు."

ఆ మాట నవ్వులాటకు అన్నదే. కానీ కథంతా అందులోనే ఉంది.

మలేషియాలో నూనె తాటితోటల మధ్య ఒక చిన్న ఊరుంది. మన జిల్లాలవాళ్ళు ఎప్పుడో రబ్బరు చెట్లు గీయడానికి పడవలెక్కి వెళ్ళి, అక్కడే ఉండిపోయి, ఒక రామాలయం కట్టుకున్నారు. ఆ గుళ్ళో నవమి ఉత్సవాలకు మన ఊరి మేళం కావాలని నరసమ్మ అనే ముసలావిడ పట్టుబట్టింది. "టేపురికార్డు పెట్టి రాములోరికి పెళ్ళి సేత్తే సీతమ్మ ఒప్పుకుంటాదా?" అని కమిటీవాళ్ళను నిలదీసిందట. అలా నూకరాజుకూ, సన్నాయి వాయించే అతని బావ సత్తెయ్యకూ పిలుపు వచ్చింది. పదకొండు రోజుల పని, దానికి సరిపడా వీసా. కాగితాల సంగతంతా కమిటీ చూసుకుంటుందన్నారు.

విమానంలో నన్ను మనుషులతో కూర్చోనివ్వలేదు. పెట్టెల మధ్య పడేశారు. అది పెద్ద విషయం కాదు.

అక్కడ ఉత్సవం మొదటి రోజున కంకణాలు కట్టారు. కంకణమంటే దీక్ష. దాన్ని కట్టించుకున్నవాడు ఉత్సవం ముగిసి, పూజారి మంత్రం చెప్పి ముడి విప్పేదాకా ఆ ఊరి పొలిమేర దాటకూడదు. పూజారి కట్టుకున్నాడు, పెళ్ళిపెద్దలు కట్టుకున్నారు. సత్తెయ్యకు మణికట్టుకు కట్టారు. డోలు కొట్టే చేతికి దారం అడ్డం వస్తుందని నూకరాజు కంకణాన్ని నా నడుముకు కట్టారు. దానికి కట్టిన పసుపు కొమ్ము నరసమ్మ పెరట్లో తవ్వినదే. "డోలుకు కట్టినా దీక్ష నీదే సుమా నాయనా" అన్నాడు పూజారి. నూకరాజు తలాడించాడు.

పెళ్ళి బ్రహ్మాండంగా జరిగింది. నేను ఆ తోటల్లోని కోతులన్నిటినీ లేపాను. ఇక కంకణాలు విప్పడమే మిగిలిందనగా, ముందురోజు పూజారి భార్య ప్రసవించింది. ఆడపిల్ల, బంగారుబొమ్మ. ఊరంతా సంతోషించింది, గుడి తలుపులు మాత్రం మూతపడ్డాయి. పురిటి మైల. పురుడు వెళ్ళేదాకా పూజారి స్వామిని తాకకూడదు, ముడి విప్పకూడదు. ఒకరు కట్టిన కంకణం ఇంకొకరు విప్పరు. పోతే మైల సరే, పుట్టినా మైల ఎందుకో నాకు అర్థం కాదు. అర్థం కాలేదని నియమాన్ని తప్పనూ లేను. దేవుడి ఇంట్లో కొన్ని సంగతులు అలా ఉంటాయి.

ఇంతలో వీసా గడువు దగ్గరపడింది.

సత్తెయ్య ఆలస్యం చేయలేదు. గుడి వెనక కుళాయి దగ్గర చెయ్యి తడుపుకుని, దారం లాగి తెంపి, తులసి మొదట్లో పడేశాడు.

"ఏటి బావా అది?" అన్నాడు నూకరాజు.

"దేవుడికి సెప్పుకున్నాను. సరే అన్నాడు."

"నాకేటీ వినబళ్ళేదు."

"నీకెందుకు వినబడతాది? నాకు సెప్పాడు. నువ్వూ కోసెయ్యి. నువ్వు మంగలోడివా కాదా? జేబులో కత్తెర లేదేటి?"

కత్తెర ఉంది. నూకరాజు ఎక్కడికి వెళ్ళినా చిన్న తోలుసంచిలో కత్తెర, దువ్వెన ఉంటాయి. అతను కత్తెర బయటికి తీశాడు, ముడి వంక చూశాడు, మళ్ళీ సంచిలో పెట్టేశాడు.

"మరి ఈ డోలునిక్కడొగ్గేసి రా. కంకణం దానిది, నీది కాదు" అన్నాడు సత్తెయ్య.

"దీక్ష నాది బావా. దాన్నొగ్గేసి నేనొచ్చీడమంటే, పూచీ పెట్టినోణ్ణి జైల్లో ఒగ్గేసి పారిపోడమే."

సత్తెయ్య విమానం ఎక్కాడు. నూకరాజు ఉండిపోయాడు. కమిటీ సెక్రటరీ "నాలుగు రోజులు అటూ ఇటూ అయితే ఎవరూ పట్టించుకోరు" అన్నాడు. గడువు దాటింది. నూకరాజుకు మాత్రం ముద్ద దిగలేదు. దేవుడి గీత దాటకూడదని ఉండిపోతే, దొరల గీత దాటినట్టయింది. రెండు గీతల మధ్య కాలు పెట్టే చోటు లేదు.

అప్పుడు అతను, నాకు తెలిసి ఈ భూమ్మీద ఇంకెవరూ చేయని పని చేశాడు. ఎవరూ పట్టుకోకుండానే, వీసా ఆఫీసుకు తనంతట తను వెళ్ళి ఉన్నమాట చెబుతానన్నాడు. నిజం చెబితే నాలుగు రోజులు గడువిస్తారని అతని నమ్మకం. దీపాల వేళకు తిరిగొస్తే దోషం లేదని పూజారి గుమ్మంలోంచే చెప్పాడు. నరసమ్మ తోడు బయల్దేరింది. వెళ్ళే ముందు నూకరాజు భుజం మీది కండువా తీసి నా మీద కప్పాడు.

"దీపం ఎలిగించే ఏలకొచ్చేత్తాను" అన్నాడు నాతో.

దీపాల వేళ అయింది. నరసమ్మ ఒక్కతే వచ్చింది. కండువా అంచు పట్టుకుని నా పక్కనే కూలబడింది. "నిజం సెప్పినోణ్ణి కూకోబెట్టేసినారు, నాయనా" అంది. నన్ను నాయనా అన్న మనిషి ఆవిడొక్కతే.

ఆఫీసువాళ్ళను నేను తప్పు పట్టను. వాళ్ళ పుస్తకంలో కంకణం అనే మాట లేదు. మా శాస్త్రంలో వీసా అనే మాట లేదు. నాకు కోపం వచ్చింది కమిటీ సెక్రటరీ మీద. ఎక్కడ తన మీదికి వస్తుందోనని భయపడి, నూకరాజు బట్టల సంచితో పాటు నన్నూ బండిలో పడేసి ఎయిర్‌పోర్టుకు చేర్చేశాడు. పురుడింకా వెళ్ళలేదు. ముడి విప్పలేదు. నడుముకు కంకణంతోనే నన్ను పొలిమేర దాటించారు. నూకరాజు నన్ను అక్కడ చూసినప్పుడు అతని మొహంలో కనిపించింది ఏడుపు కాదు. అంతకుముందు అతనిలో ఎప్పుడూ చూడని మొండితనం. అతని కాగితాల మీద ముద్ర కొట్టి, కొన్నేళ్ళ దాకా ఈ దేశంలో అడుగుపెట్టకూడదని చెప్పి పంపించారు.

ఊళ్ళో మాకంటే ముందే కబురు దిగింది. సత్తెయ్య ఊరుకుంటాడా? "దేశం కాని దేశంలో దొంగలా దాక్కున్నాడంట" అని ఒకరు, "జైలు కూడు తిన్నాడంట" అని ఒకరు. వేణుగోపాలస్వామి గుడి ధర్మకర్త కరెంటుతో నడిచే వాద్యం కొనిపెట్టాడు. మీట నొక్కితే మోటారు తిరుగుతుంది, రెండు పుల్లలు ఒక డప్పును కొడతాయి, రెండు సుత్తులు గంటను కొడతాయి. "దీనికి వీసా అక్కర్లేదు, పేచీ లేదు" అని ధర్మకర్త నవ్వాడు. సత్తెయ్య దాని పక్కన నిలబడి సన్నాయి వాయించడం మొదలుపెట్టాడు.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. కంకణం తెంపిన సత్తెయ్యకు ఏమైనా అవుతుందేమోనని నేను ఎదురుచూశాను. కాలు బెణుకుతుందనో, కనీసం సన్నాయి గొంతు పోతుందనో. ఏమీ కాలేదు. పైగా మేడ మీద గది వేశాడు. దేవుడు నిజంగానే అతనితో సరే అన్నాడేమో! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అయితే నూకరాజుతో దేవుడు ఆ మాట ఎందుకు అనలేదు?

నూకరాజు నన్ను మళ్ళీ కొక్కేనికి తగిలించాడు. అగరొత్తి చూపించాడు. కానీ వాయించలేదు. కంకణం ఉన్నంతకాలం నేను ఆ రాముడి కొలువులో ఉన్నట్టే, ఇంకో చోట పలకకూడదు. పెళ్ళిళ్ళకు వేరే డోలు తీసుకుని వెళ్ళేవాడు. నా నడుం చుట్టూ వార్ల మీదుగా దారం ఉంది కాబట్టి వార్లు బిగించే వీలు కూడా లేదు. నా తోళ్ళు సడలిపోయాయి. చలికాలం నన్ను ఎండలో పెట్టేవాడు, వానాకాలం గోనెసంచి చుట్టేవాడు. అంతే.

సెలూన్ అంటే ఊరి నోరు. కుర్చీలో కూర్చున్న ప్రతివాడి కళ్ళూ అద్దంలోంచి నా మీద పడేవి.

"ఒరే నూకరాజూ, పొద్దస్తమానం కత్తెరతోనే ఉంటావు. ఊరందరి జుట్టూ కోస్తావు. ఆ బెత్తెడు దారం కొయ్యలేవూ?"

"జుట్టు మళ్ళీ మొలుస్తాది బాబూ. తల కదపకండి."

"కదిపితే?"

"సెవి కొయ్యగలను. దారం కొయ్యలేను."

అలా అన్న తర్వాత కుర్చీలో ఎవరూ కదిలేవారు కాదు.

కొండమ్మ కూడా ఒకటి రెండుసార్లు విసుక్కుంది. "నా మెళ్ళో నువ్వు కట్టిన పసుపుతాడు నలిగిపోతే ఎన్నోమాట్లు మార్చుకున్నాను. ఈ డోలు తాడు మాత్రం మారకూడదు. దీన్నే కట్టుకోపోయావా?" అనేది. కానీ ధర్మకర్త భార్య ఒకసారి నీళ్ళ కుళాయి దగ్గర "మీ ఆయన్ని దేశం తరిమేసిందటగా" అంటే కొండమ్మ బిందె దించి, నడుముకు చెయ్యి పెట్టుకుని, "అవునమ్మా, తరిమింది. నిజం సెప్పినందుకు తరిమింది. మీ ఇంట్లో ఎవళ్ళకీ ఆ బయం లేదులే" అంది. అది విన్నవాళ్ళు నాకు చెప్పలేదు. సెలూన్లో ఒకరికొకరు చెప్పుకుంటుంటే విన్నాను.

ఏళ్ళు గడిచాయి. నిషేధం గడువు తీరింది. ఆ నెలలోనే నరసమ్మ నుంచి ఫోన్ వచ్చింది. ఫోన్లో ఆవిడ గొంతు సన్నగా, మొండిగా ఉంది. "ఒరే గుంటడా, నాకు ఒంట్లో బాగోడం లేదు. ఏటేటా రాములోరి పెళ్ళి సేత్తన్నాం గానీ, నీ ముడి విప్పకుండా కొత్త కంకణాలు కడతంటే నాకు గుండెల్లో ముల్లులాగుంది. నేను పోయేలోగా వచ్చి విప్పించుకుంటావా, లేదా?"

"వత్తాను మామ్మా."

"రానిత్తారా?"

"రానిచ్చేదాకా వత్తాను."

వీసాలు రాసిపెట్టే ఏజెంటు విశాఖపట్నంలో ఉన్నాడు. నూకరాజు చెప్పిందంతా విని తల పట్టుకున్నాడు. "ఇంతకుముందు గడువు దాటి ఉన్నారా అని ఇక్కడ అడుగుతారు. లేదని పెట్టేద్దాం. ఇంకా మంచిది, పేరులో ఓ అక్షరం మార్చి కొత్త పాస్‌పోర్టు తీయిద్దాం. అందరూ చేసేదే" అన్నాడు.

నన్ను కూడా వెంట తీసుకెళ్ళాడు కాబట్టి ఆ మాటలు నా చెవినా పడ్డాయి.

"కంకణం కట్టింది నూకరాజుకండీ" అన్నాడు నూకరాజు. "ఇంకో పేరుతో ఎల్తే ముడి ఎవరికని విప్పుతారు? ఉన్నాను అని రాయండి. ఎన్నాళ్ళున్నానో రాయండి. ఎందుకున్నానో కూడా రాయండి."

"ఎందుకున్నావో రాయడానికి ఇక్కడ చోటు లేదయ్యా."

"మరైతే నోటితో సెప్పుకుంటాను."

ఎలాగో వీసా వచ్చింది. కానీ గుమ్మం దగ్గర మళ్ళీ చూస్తారని, అక్కడ వద్దంటే వెనక్కి రావడమేనని ఏజెంటు చెప్పాడు. ఊళ్ళో సత్తెయ్య ఎదురుపడి, "ఈసారి తిరిగొత్తావా, అక్కడే ఉండిపోతావా బావా?" అని వెక్కిరించాడు. నూకరాజు నన్ను భుజానికెత్తుకుంటూ, "తిరిగొచ్చి నీకు గెడ్డం గీత్తాను" అన్నాడు. సత్తెయ్య గబగబా వెళ్ళిపోయాడు.

కౌలాలంపూర్‌లో నూకరాజు పాస్‌పోర్టు పెట్టగానే అద్దాల గదిలో కూర్చున్న మనిషి కంప్యూటర్ వంక రెండుసార్లు చూశాడట. తర్వాత నూకరాజును పక్కగదిలోకి తీసుకెళ్ళారు. కాసేపటికి నన్ను కూడా పెట్టెల చక్రం మీంచి దించి అక్కడికే తెచ్చారు. మొక్కలూ విత్తనాలూ పరీక్షించే ఒకాయన నా నడుము దగ్గర వేలు పెట్టి, ఆ పసుపు కొమ్మును చూసి మొహం చిట్లించాడు.

బల్ల వెనక పెద్దాఫీసరు ఉంది. తలకు గుడ్డ చుట్టుకున్న మలయ్ స్త్రీ, కళ్ళజోడు, తొందరలేని మనిషి. పక్కన మాటలు అటూ ఇటూ చెప్పడానికి ఒక అరవాయన. "మా ఇంట్లో ఆవిడ తెలుగు," అని పరిచయం చేసుకున్నాడాయన. "తిట్లు బాగా వచ్చు. మాటలు కొంచెం."

ఆఫీసరు అడిగింది, ఈయన చెప్పాడు: "ముందుసారి గడువు దాటి ఉన్నావు. మళ్ళీ ఎందుకొచ్చావు?"

"ముడి విప్పించుకోడానికి" అన్నాడు నూకరాజు, నన్ను చూపించి.

ఆఫీసరు కళ్ళజోడు సవరించుకుని నన్ను చూసింది. ఏదో అంది. అరవాయన చెప్పాడు: "నువ్వు నిజంగా వాయిద్యగాడివైతే, వాయించి చూపించు అంటున్నారు."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఏళ్ళ తరబడి మూగగా ఉన్నదాన్ని. ఒక్క దెబ్బ చాలు, ఆ గోడలకు బుద్ధి చెబుదును. కానీ నూకరాజు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"ముడి విప్పందే వాయించకూడదు. ఆ రాములోరి గుళ్ళో తప్ప."

అరవాయన నోరు తెరిచాడు. "ఏమయ్యా, వాయిస్తే లోపలికి పోనిస్తారేమో!"

"ఎనక్కి పంపినా సరే. వాయించను."

ఇంతలో మొక్కల పరీక్షాయన ఏదో చెప్పాడు. ఆఫీసరు తలూపి, బల్ల సొరుగులోంచి కత్తెర తీసి బల్ల మీద పెట్టింది. ఇందులో చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. ఆవిడ దృష్టిలో అది ఉపకారం. "వేరూ దుంపా లోపలికి రాకూడదు," అని అరవాయన చెప్పాడు. "ఆ దారం కోసేద్దాం. నీ పనీ అయిపోతుంది, మా పనీ అయిపోతుంది. సాయంత్రం విమానానికి ఇంటికి పోవచ్చు."

కత్తెర మెరుస్తోంది. మంచి కత్తెర, నూకరాజు దగ్గరున్న దానికన్నా పదునైనది. అతను దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఒక్క క్షణం అతను దాని బిగువు చూశాడు, మంగలి చూసినట్టుగా. తర్వాత పిడి ఆవిడవైపు ఉండేలా తిప్పి బల్ల మీద పెట్టేశాడు.

"అమ్మా," అన్నాడు. "నేను మంగలోణ్ణి. పొద్దున్న లేస్తే నా సేతిలో ఉండేది ఇదే. ఈ దారం కొయ్యగలిగినోణ్ణయితే అప్పుడే కోసేసి, మీ గడువులోపలే ఇంటికెళ్ళిపోదును. మీ గదిలో పడుకునేవోణ్ణి కాదు. మా ఊళ్ళో దొంగోడని పేరు పడేది కాదు. మీరు నాతో సెప్పేరు, గడువంటే గడువేనని. నిజమే. ముడంటే ముడే. ఒక మాట నిలబెట్టుకోబోయి మీ మాట తప్పేను, దానికి మీరేసిన సిచ్చ పడ్డాను. పేరు మార్చుకోలేదు, దొంగదారిన రాలేదు. ఇక ఆ పసుపు కొమ్మంటారా, అది మా దేశంది కాదు. మీ మట్టిలో పండింది. నన్ను ఎళ్ళగొట్టినప్పుడు నాతోపాటు దాన్నీ ఎళ్ళగొట్టేరు. దాని ఊరికి దాన్ని తెచ్చేను."

ఇదంతా అరవాయన తన తిట్ల తెలుగుతో ఎలా చెప్పాడో నాకు తెలియదు. మధ్యలో రెండుసార్లు తడబడ్డాడు, ఒకసారి కండువాతో మొహం తుడుచుకున్న నూకరాజు వంక చూసి ఆగిపోయాడు.

ఆఫీసరు నా దగ్గరికి వచ్చింది. వంగి ముడిని చూసింది. చెమటకూ, వానకూ, పొగకూ నల్లబడి, రాయిలా బిగిసిపోయిన ముడి. వేలితో తాకబోయి, ఎందుకో ఆగి, నూకరాజును చూసింది. తాకవచ్చా అన్నట్టు. అతను తలూపాడు. ఆవిడ తాకింది.

"లోపలికి వెళ్ళనివ్వకపోతే?" అని అడిగించింది.

"ఎనక్కి పంపితే పోతాను. మళ్ళీ వత్తాను. ఇదే పేరుతో."

ఆవిడ కుర్చీలోకి వెళ్ళి కూర్చుంది. ముద్ర తీసుకుంది. దాన్ని గాల్లోనే పట్టుకుని ఏదో అంది. అరవాయన నవ్వు ఆపుకోలేకపోయాడు. "అమ్మగారు అంటున్నారు, ఈసారి గడువు ఎప్పటిదాకానో మీ దేవుడికి ముందే చెప్పమని."

"సెప్తాను" అన్నాడు నూకరాజు, నవ్వకుండా. "పూజారిగారి ఆడోళ్ళకి కూడా సెప్తాను."

ముద్ర పడింది. నా చెవుల్లో అది గట్టిమేళంలా మోగింది. పసుపు కొమ్ముకు ప్లాస్టిక్ తొడుగు వేసి అంటించారు. కత్తెర మళ్ళీ సొరుగులోకి వెళ్ళింది.

గుళ్ళో నరసమ్మ చక్రాల కుర్చీలో ఉంది. నా నడుమును తడిమి చూసింది. అప్పుడు పుట్టిన పూజారి కూతురు గుడి మెట్ల మీద గెంతుతోంది, తన వల్ల ఎన్ని దేశాలు కదిలాయో తెలియకుండా. పూజారి మంత్రం చెప్పి ముడి పట్టుకున్నాడు. అది రాలేదు. గోరుతో గీకాడు. రాలేదు. "బిగుసుకుపోయింది నాయనా. మంత్రం అయిపోయింది కదా, ఇక కోసేసినా దోషం లేదు" అన్నాడు.

కమిటీ సెక్రటరీ పరుగున కత్తెర తెచ్చాడు. ఆ మనిషికి ఇలాంటి పనుల్లో తొందర ఎక్కువ.

నూకరాజు అతని వంక చూడనైనా చూడలేదు. నన్ను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆముదం అడిగాడు. చుక్క ముడి మీద వేశాడు. తన తోలుసంచిలోంచి దువ్వెన తీసి, దాని చివరి పంటితో, తలలో చిక్కు తీసినట్టుగా, మెల్లగా ఒక్కొక్క పోగూ లాగడం మొదలుపెట్టాడు. జనం కాసేపు నిలబడ్డారు, కాసేపు కూర్చున్నారు, పిల్లలు నిద్రపోయారు. నైవేద్యం ఆలస్యమైంది. ఎవరో గొణిగితే నరసమ్మ కర్ర ఎత్తింది. "ఇన్నేళ్ళు ఆగినోడు రాములోరు. మీ ఆకలి కాసేపాగలేదేటి?"

ముడి విడింది. ఒక్క పోగు కూడా తెగలేదు. అతను దారాన్ని చాచి, రెండు చేతులతో నరసమ్మ ఒళ్ళో పెట్టాడు. ఆవిడ దాన్ని కళ్ళకద్దుకుంది. అప్పుడు అతను వార్లు బిగించి, వేళ్ళకు తొడుగులు పెట్టుకుని, పుల్ల తీసుకుని, మొదటి దెబ్బ కొట్టాడు.

నేను దగ్గాను. అన్నేళ్ళ దుమ్ము కదా. రెండో దెబ్బకు గొంతు సవరించుకున్నాను. మూడో దెబ్బకు తోటల్లోని కోతులు గుర్తుపట్టాయి.

ఆ ఉత్సవమంతా వాయించాక, గడువుకు ఇంకా వ్యవధి ఉండగానే అతను బయల్దేరాడు. నన్ను మాత్రం తీసుకెళ్ళలేదు. గుడి మండపంలో నాకు కొత్త కొక్కెం కొట్టాడు. "ఇక్కడే ఉండనీ మామ్మా. వచ్చే నవమికి నేనొచ్చి దీన్ని దింపుతాను."

"ఈసారి రానివ్వకపోతే?"

"డోలు ఇక్కడుందని సెప్తాను. నా వేళ్ళు అక్కడుంటే డోలు ఇక్కడెలా పలుకుతాదని అడుగుతాను. వాళ్ళే సెప్పాలి."

అతను ఊరికి వెళ్ళి, అన్నమాట ప్రకారం సత్తెయ్యకు గెడ్డం గీశాడట. ఒక గాటు కూడా పెట్టలేదట. కొండమ్మ ఫోన్లో నరసమ్మకు చెబుతుంటే విన్నాను. ఇక్కడ కొక్కెం మీద నాకు బాగానే ఉంది. వానలు ఎక్కువ, అందుకని నరసమ్మ నాకు గొడుగు గుడ్డ కుట్టించింది. ఒక్కోసారి సాయంత్రాలు, దీపం వెలిగించాక, నేను ఆ సత్తెయ్య గురించి ఆలోచిస్తాను. దేవుడు అతనితో సరే అనే ఉంటాడు. దేవుడు అందరితోనూ సరే అనే అంటాడేమో. కాదనడం మాత్రం మనుషులకే వదిలేశాడేమో. ఇది తప్పు ఆలోచనైతే ఆ రాముడే మన్నించాలి, ఎదురుగానే ఉన్నాడు.

నాకు పాస్‌పోర్టు లేదు. నేను ఎన్నాళ్ళుండవచ్చో ఏ కాగితం మీదా రాయలేదు, ఎవరూ ముద్ర వెయ్యలేదు. లెక్క ప్రకారం చూస్తే ఇప్పుడు ఈ దేశంలో గడువు లేకుండా ఉన్నది నేను. పట్టుకోదలిస్తే రండి, మండపంలోనే ఉంటాను, దాక్కోను. కాకపోతే వేళ్ళకు తొడుగులు పెట్టుకుని రండి. నన్ను ఏం అడగాలన్నా కొట్టి అడగాలి, నేను చెప్పే జవాబు మాత్రం ఊరంతటికీ వినబడుతుంది.